గేటు కర్ర ఎవరి చేతిలో ఉంది?

మా ఆశ్రమ పాఠశాల స్టాఫ్ రూంలో మళ్ళీ అండమాన్ మాట మొదలైంది. సంక్రాంతి సెలవుల్లో అయిదు రోజుల ప్యాకేజీ. విశాఖ నుంచి విమానం, హోటలు, భోజనం అన్నీ అందులోనే. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు హుషారుగా ఉన్నారు. వాళ్ళలో సగం మంది మన పిల్లలే. బగతలు, కొండదొరలు, వాల్మీకులు. ఆ ప్యాకేజీ కాగితంలో మూడో రోజు కింద బారాటాంగ్ అని రాసి ఉంది. దట్టమైన వర్షారణ్యం గుండా గైడుతో ప్రయాణం, సున్నపురాతి గుహలు, సాయంత్రానికి తిరిగి హోటలు. నేను మాట్లాడదలచుకున్నది ఆ మూడో రోజు గురించే. కొన్నేళ్ళ కిందట నేనూ ఆ రోజు వెళ్ళి వచ్చాను కాబట్టి మాట్లాడే హక్కూ ఉంది, సిగ్గూ ఉంది.

పొద్దున మూడు గంటలకు లేపారు. పోర్ట్ బ్లెయిర్ ఇంకా నిద్రలోనే ఉంది. (2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ నేల మొదటి మనుషులు దాన్ని ఏమని పిలిచేవారో పాత పేరులోనూ లేదు, కొత్త పేరులోనూ లేదు.) మా డ్రైవరు తెలుగువాడే. శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు వలస పోయిన కుటుంబం. ఆ ఊళ్ళో మన తెలుగువాళ్ళు చాలామంది. డ్రైవరూ అతనే, గైడూ అతనే. దారి పొడవునా చెట్ల పేర్లు చెప్పాడు, సెల్యులార్ జైలు కథలు చెప్పాడు, మంచివాడు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ వరసలో ఆగాయి. పేర్లు, ఆధార్ నంబర్లు రాసిన కాగితం పోలీసులకిచ్చాడు. పెద్ద బోర్డు మీద నిబంధనలు ఉన్నాయి. బండి ఆపకూడదు, ఫొటోలు తియ్యకూడదు, తినే వస్తువులు ఇవ్వకూడదు, ముందు బండిని దాటకూడదు. ఆరు గంటలకు గేటు కర్ర లేచింది. ముందొక పోలీసు బండి, వెనకొకటి, మధ్యలో మేం.

గేటు దాటగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "అదృష్టం ఉంటే కనిపిస్తారు మేడమ్," అన్నాడు.

ఎవరు కనిపిస్తారో చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. బండిలో అందరూ సర్దుకుని కిటికీల వైపు జరిగారు.

అడవి గురించి అబద్ధం చెప్పను. అలాంటి అడవి నేను ఎప్పుడూ చూడలేదు. మన కొండల్లో మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి చెట్లు ఆకు రాల్చి ఎముకల్లా నిలబడతాయి. అక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు వాన. రెండు రుతుపవనాలూ ఆ దీవుల్ని తడుపుతాయి. గర్జన్ చెట్లు తాటిచెట్ల కంటే ఎత్తున, కొమ్మ లేకుండా నిటారుగా పోయి, పైన ఎక్కడో గొడుగు విప్పుతాయి. పడౌక్ అని డ్రైవరు చూపించిన చెట్టు మన వేగిసకు చుట్టం. దాని మొదలు చూసి మా అయ్య గుర్తొచ్చాడు, వేగిస బెరడు గీరి వచ్చే ఎర్రటి జిగురు చూపించి అందులో మందు ఉందనేవాడు. ఒక్కసారి దిగి ఆ చెట్టును ముట్టుకుందామనిపించింది. దిగకూడదు.

మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు. సగం దారిలో బండి వేగం తగ్గింది. రోడ్డు పక్కన ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడమనిషి, ఆమె చంకలో బిడ్డ. డ్రైవరు మాటతోనే, చెయ్యి చూపించకుండా, "ఎడమవైపు" అన్నాడు. అతను బాగా అలవాటు పడ్డ మనిషి. మా బండిలో నాలుగు ఫోన్లు లేచాయి. వెనక సీటులోంచి ఎవరో బిస్కెట్ ప్యాకెట్ విసిరారు. ఆమె మా వైపు చూడలేదు. బిడ్డ ముఖం తన మెడకు తిప్పుకుంది. అంతే. పది సెకండ్లు పట్టి ఉంటుంది.

అప్పుడు నా పక్కన కూర్చున్న మాస్టారు, మన మనిషే, నవ్వుతూ అన్నాడు: "మన తాతలు కూడా ఇలాగే ఉండేవారట అక్కా!" బండిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తల బయటికి పెట్టి మరీ చూశాను. ఈ వ్యాసంలో ఎవరినైనా తిడితే, ఆ జాబితాలో మొదటి పేరు నాదే.

వాళ్ళను లోకం జరావాలు అంటుంది. అది పక్క తెగవాళ్ళు పెట్టిన పేరు. తమను తాము వాళ్ళు అంగ్ అనుకుంటారు. మైదానం వాళ్ళు మనల్ని కొండోళ్ళు, ఏజెన్సీ వాళ్ళు అన్నట్టన్నమాట. కోయవాళ్ళు తమను కోయితూర్ అని చెప్పుకుంటే వినేవాడెవడు? 2011 జనాభా లెక్కల్లో జరావాలు 380 మంది. మా పాఠశాలలో పిల్లలు అంతకంటే ఎక్కువే. వాళ్ళ కోసం కేటాయించిన రిజర్వు ఇప్పుడు 1,028 చదరపు కిలోమీటర్లు. 1956 నుంచి ఒక రక్షణ చట్టం ఉంది. ఆ చట్టం ప్రకారం అనుమతి లేకుండా రిజర్వులోకి బయటివాళ్ళు పోవడం నేరం. మరి ఆ రిజర్వు మధ్యలోంచి అండమాన్ ట్రంక్ రోడ్డు పోతుంది. అడుగు పెడితే నేరం, బండెక్కితే టూరు.

ఆ రోడ్డు వెయ్యడం వాళ్ళకు ఇష్టం లేదు. ఏళ్ళ తరబడి బాణాలతో ఆ మాట చెప్పారు. వాళ్ళకు అర్జీ రాయడం రాదు, బాణం వెయ్యడం వచ్చు. రోడ్డు మాత్రం ఆగలేదు. 1997 చివరి నుంచి వాళ్ళు తమంతట తామే బాణాలు దించి బయటికి రావడం మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1999లో, తట్టు వచ్చింది. తట్టు అంటే మన ఊళ్ళో అమ్మవారు పోసిందని వేపాకు కట్టి వారం రోజులు ఇంట్లో పడుకోబెట్టే జబ్బు. వాళ్ళ ఒంటికి అది ఎప్పుడూ తెలియదు. అంతకు ముందు, 1877లో, పొరుగున ఉన్న గ్రేట్ అండమానీయుల మీద ఇదే తట్టు పడింది. ఇంగ్లీషువాళ్ళు 1858లో అక్కడ ఖైదీల వలస పెట్టేనాటికి గ్రేట్ అండమానీయులు వేలల్లో ఉండేవారు. 2011 లెక్కల్లో 44 మంది. మనం ఫోన్‌తో పాటు ఆ బండిలోకి జలుబూ దగ్గూ తీసుకుపోతాం. కిటికీలోంచి విసిరిన బిస్కెట్ ప్యాకెట్ మీద మన చేతి తడి ఉంటుంది.

2002లో సుప్రీంకోర్టు రిజర్వు గుండా పోయే ఆ రోడ్డు భాగాన్ని మూసెయ్యమంది. మూయలేదు. 2012 జనవరిలో ఒక బ్రిటిష్ పత్రిక ఒక వీడియో బయటపెట్టింది. తిండి ఆశ చూపి జరావా ఆడవాళ్ళను నాట్యం చెయ్యమంటున్నారందులో. దేశమంతా ఛీ అంది. 2013 జనవరిలో సుప్రీంకోర్టు పర్యాటకుల బళ్ళను ఆపింది. మార్చిలో మళ్ళీ వదిలారు. నేను వెళ్ళింది ఆ తర్వాతే. చదువుకున్నదాన్ని, పేపరు చదివేదాన్ని, ఆ వీడియో గురించి తెలిసినదాన్ని. అయినా వెళ్ళాను.

ఆ వీడియో సంగతి మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ మాట నాకు కొత్త కాదు. నేను ఆరో తరగతిలో ఉండగా మా హాస్టలుకు ఏ పెద్ద మనిషి వచ్చినా మాతో థింసా ఆడించేవారు. ఎర్రటి ఎండలో రెండు గంటల ముందే చీరలు కట్టి నిలబెట్టేవారు. జీపు వచ్చాక డప్పు, తుడుం, మోరి మొదలయ్యేవి. ఒకరి వీపు మీద ఒకరం చెయ్యి వేసుకుని అడుగు కదిపేవాళ్ళం. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుని, ఒకోసారి మా మధ్యలో దూరి రెండు అడుగులు తప్పుగా వేసి, నవ్వుకుని పోయేవారు. ఆ రోజు మాకు అరటిపండో గుడ్డో అదనంగా దొరికేది. చైత్ర మాసంలో ఊళ్ళో పున్నమి వెలుగులో తెల్లవార్లూ ఆడే థింసా ఇదేనా అని అప్పట్లో అనుమానం వచ్చేది. అడుగులు అవే, పాట అదే. ఊళ్ళో అయితే కాళ్ళు నొప్పిపుడితే ఆపేవాళ్ళం.

ఆపగలగడం. నా గొడవంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది.

ఇటుకల పండగ రోజుల్లో మా కొండల్లో ఒక ఆచారం. మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ళను ఆపుతారు. ఎంతో కొంత ఇచ్చి నవ్వుతూ మాట్లాడితే కర్ర తీస్తారు. పెద్ద ఆఫీసరైనా ఆగాలి. ఆ నాలుగు రోజులు ఆ దారి మా అమ్మలది. జిర్కాటాంగ్ దగ్గర కూడా కర్ర ఉంది. దాన్ని ఎత్తేదీ దించేదీ పోలీసు. జరావా మనిషి ఒక్కడైనా, "ఈ రోజు మా ఇంట్లో జబ్బు ఉంది, రావద్దు," అని ఆ కర్ర పట్టుకుని నిలబడే వీలుందా? లేదు. అలాంటి చోట గైడు ఎంత మంచివాడైనా, బోర్డు మీద నిబంధనలు ఎన్నున్నా, అది ఒకరి ఇంటి వాకిట్లోంచి చేసే ఊరేగింపే.

దీనికి నాకు ఎదురయ్యే వాదనలు నాకు తెలుసు. స్టాఫ్ రూంలో అన్నీ విన్నాను.

రోడ్డు లేకపోతే ఉత్తరాన ఉన్న జనం ఆసుపత్రికి ఎలా పోతారు అంటారు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. డోలీలో మోసుకుపోతుండగా దారిలోనే కాన్పు అయిన ఆడవాళ్ళున్న కొండ మాది. రోడ్డు విలువ మాకు ఎవరూ చెప్పనక్కర లేదు. కానీ అంబులెన్సు వేరు, టూరిస్టు వ్యాను వేరు. గర్భిణిని తీసుకుపోయే బండి పేరు చెప్పి గుహలు చూసే బళ్ళు ఎందుకు పోవాలి? గుహలే చూడాలంటే బారాటాంగ్‌కు సముద్రం మీద పడవలో పోవచ్చు. ఎక్కువసేపు పడుతుంది, కడుపు తిప్పుతుంది. ఇంకొకరి వాకిలి తొక్కకుండా పోవడానికి ఆ మాత్రం పడొచ్చు. వర్షారణ్యమే చూడాలంటే పోర్ట్ బ్లెయిర్ దగ్గరే చిడియాటాపు ఉంది, ఎదురుగా హారియట్ కొండ ఉంది. అక్కడ ఎవరూ లేరు కాబట్టి ఇబ్బంది లేదు అనబోయి ఆగాను. అక్కడా ఒకప్పుడు మనుషులు ఉండేవారు.

రెండో వాదన మనవాళ్ళే తెస్తారు, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. వాళ్ళను కూడా మనలా చదివించాలి, జనజీవన స్రవంతిలోకి తేవాలి, చూడకపోతే ఎలా మారతారు అంటారు. జనజీవన స్రవంతి! మనల్ని అందులో కలిపినప్పుడు మన భాషలు ఏమయ్యాయో తెలుగు వాచకం పట్టుకుని కువి పిల్లల ముందు నిలబడే ప్రతి టీచరుకూ తెలుసు. జరావాలు చదువుకోకూడదని నేననను. గాజు పెట్టెలో బొమ్మల్లా ఉంచమనీ అనను. 1997లో బయటికి వచ్చింది వాళ్ళే, రేపు బడి కావాలన్నా వద్దన్నా వాళ్ళే అనాలి. కిటికీలోంచి చూసి ఎవడూ ఎవడికీ చదువు చెప్పలేదు. ఇంకో సంగతి. వాళ్ళకు తెలియదనుకోకండి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు జరావాలు ఎత్తయిన నేలకు చేరి బతికి బయటపడ్డారు. లిటిల్ అండమాన్‌లో ఉండే ఓంగీలు ఒక మొక్క ఆకులు నమిలి ఆ రసం ఒంటికి పూసుకుని, పొగ పెట్టకుండానే తేనె తీస్తారు. మా ఊరి తేనె తీసేవాళ్ళకు ఈ సంగతి చెప్పాను. ఒకాయన చాలాసేపు ఆలోచించి, "ఏ ఆకో కనుక్కోలేకపోయావా అమ్మా," అన్నాడు. వాళ్ళ దగ్గర నేర్చుకునే సంగతి ఉందని అతనికి వెంటనే తోచింది. మా బండిలో ఎనిమిది మంది టీచర్లం, ఒక్కరికీ తోచలేదు.

ప్రభుత్వం లెక్కలో అత్యంత వెనుకబడిన ఆదివాసీ సమూహాలని 75 తెగల జాబితా ఒకటి ఉంది. పీవీటీజీ అంటారు. అందులో జరావాలు ఉన్నారు. మా పాఠశాలలో చదివే పోర్జా, గదబ, కోందు పిల్లల్లో చాలామంది తెగలూ అందులోనే ఉన్నాయి. నల్లమల చెంచులు, పాపికొండల కొండరెడ్లు కూడా. అండమాన్ బండిలో కూర్చుని, "మన తాతలు ఇలాగే ఉండేవారట," అన్న మాస్టారు తాతల దాకా పోనక్కర లేదు. అతని తరగతి గదిలో మూడో బెంచీ దాకా పోతే చాలు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక మన ఇంటి సంగతి.

గూడెం దాటి మేఘాలు చూడటానికి వంజంగి కొండ ఎక్కేవాళ్ళు శీతాకాలంలో తెల్లవారుజామున తిరునాళ్ళలా వస్తున్నారు. లంబసింగికి మంచు కోసం, అరకుకు థింసా కోసం, మారేడుమిల్లికి వెదురు బొంగులో చికెన్ కోసం. గోదావరి మీద లాంచీలు కొండరెడ్ల గూడేలను దూరం నుంచి చూపిస్తూ పాపికొండల్లోకి పోతాయి. పోలవరం నీళ్ళు నిండితే మునిగే ఊళ్ళవి. మునిగేలోపు చూసిపోదామని వచ్చేవాళ్ళు ఉన్నారు, మునిగేవాళ్ళు ఎక్కడికి పోతారని అడిగేవాళ్ళు తక్కువ. నల్లమలలో సఫారీ జీపులున్నాయి. ఆ దారుల్లో ఎక్కడో ఒకచోట ఒక గైడు వెనక్కి తిరిగి, "అదృష్టం ఉంటే కనిపిస్తారు," అంటూనే ఉంటాడు. పులి గురించి అంటున్నాడో చెంచు గురించి అంటున్నాడో వినేవాడికి తేడా తెలియదు.

టూరిజం వద్దని నేను అనడం లేదు. మా ఊరి పిల్లలు నలుగురు గైడులుగా పనిచేస్తున్నారు. గంజాయి మోసి జైలుకు పోయే దానికంటే అది వెయ్యి రెట్లు మేలు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి వాళ్ళే అడవిలో బస నడుపుతున్నారు, అందులో మనవాళ్ళు పని చేస్తున్నారు, బాగుంది. కానీ నేను ప్రతిచోటా అడిగేది ఒక్కటే. వద్దు అనుకున్న రోజు మీరు గేటు మూయగలరా? చావు జరిగితే? జాకరమ్మ పండగ అయితే? జలపాతం దగ్గర కెమెరాల దెబ్బకు మా ఆడపిల్లలు స్నానానికి పోవడం మానేశారు. వారానికి రెండు రోజులు ఆ జలపాతం మాకు వదలండని చెప్పగలరా? బొర్రా గుహల టికెట్టు సొమ్ములో బొర్రా గ్రామసభ మాట ఎంత చెల్లుతుంది? 1997 సమతా తీర్పు పుట్టింది ఆ బొర్రా కొండల్లోని గని లీజుల గొడవలోంచే. గని విషయంలో ఈ నేల ఎవరిదో సుప్రీంకోర్టు చెప్పింది. టికెట్టు కౌంటరు విషయంలో మనమే అడగడం మానేశాం.

అడగడానికి కాగితం లేదని అనకండి. పెసా చట్టం 1996 నుంచి ఉంది, మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని అయిదో సెక్షను అడవినీ, మన ఆవాసాన్నీ, సంస్కృతినీ కాపాడుకునే అధికారం గ్రామసభ చేతికిచ్చింది. పీవీటీజీలకు తమ ఆవాసం మొత్తం మీద హక్కు ఉందనీ చెప్పింది. 1/70 ఉన్నా బినామీ పేర్లతో రిసార్టులు లేస్తున్నాయంటే, ఆ పేరు అరువిచ్చింది మనలో ఒకడే. అది కూడా చెప్పుకోవాలి.

మా ఊళ్ళో గ్రామసభ పెట్టి తీర్మానం రాశాం. కొండ మీదికి వచ్చేవాళ్ళు ఊరి గైడుతోనే రావాలి, జాకరమ్మ గుడి ఉన్న తోపులోకి పోకూడదు, ఇళ్ళ దగ్గర ఫొటోలు అడిగి తియ్యాలి, ఇటుకల పండగ వారం రోజులూ కొండ మూసి ఉంచాలి. అరవై మంది వేలిముద్రలు, సంతకాలు. కాగితం పై ఆఫీసుకు వెళ్ళింది. జవాబు రాలేదు. జవాబు కోసం మేం కూర్చోలేదు. పోయిన ఇటుకల పండగకు ఆడవాళ్ళు ఎప్పటిలాగే దారికి అడ్డంగా కర్ర పెట్టారు. ఒక కారు ఆగింది. లోపలున్న అబ్బాయి వంద రూపాయల నోటు ఊపి, "ఒక డాన్సు వెయ్యండి," అన్నాడు. మా పెద్దమ్మ నోటు తీసుకోలేదు. కర్రా తియ్యలేదు. "కొండ ఈ వారం మాది బాబూ, వచ్చే వారం రా," అంది. అతను కాసేపు హారన్ కొట్టి, తిప్పుకుని పోయాడు. వచ్చే వారం వచ్చాడో లేదో తెలియదు. వస్తే గైడు ఉన్నాడు, అన్నం ఉంది.

టీచర్లకు ఒక మాట. పిల్లలకు అడవి చూపించాలనుకుంటే ఊరి పెద్దను ముందు నడిపించి మీరు వెనక నడవండి. ఎక్కడ ఆగాలో, ఎక్కడికి పోకూడదో ఆయన చెప్తాడు. పోకూడని చోటు ఒకటుందని తెలియడం కూడా పాఠమే, పరీక్షలో రాకపోయినా.

అండమాన్ పోవాలనుకునే కుర్రాళ్ళూ, పోండి. సముద్రం చూడండి, సెల్యులార్ జైలు చూడండి, చిడియాటాపు అడవిలో పడౌక్ చెట్టు మొదలు ముట్టుకుని రండి. నేను ముట్టుకోలేకపోయాను. మూడో రోజును మాత్రం కొట్టెయ్యమని ప్యాకేజీ వాడికి చెప్పండి. డబ్బు తగ్గించడు, నేను అడిగి చూశాను. తగ్గించకపోయినా కొట్టించండి. ఈసారి మా స్టాఫ్ రూంలో పదకొండు మంది పేర్లిచ్చారు. బారాటాంగ్ గడిలో నిన్నటికి ఆరుగురు అడ్డగీత గీశారు. ఆ మాస్టారు ఇంకా గియ్యలేదు. అడుగుతూనే ఉన్నాను.